రూపాయి బిళ్ళ ఏ చేతిలో ఉంది



ఈ ఏడాది ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఏం మాట్లాడదామని కూర్చున్నా, నాకు జ్ఞాపకశక్తి పరీక్షల పని నేర్పిన మాస్టారి టేబులు సొరుగే కళ్ళముందుకొచ్చింది. అందులో ఒక స్టాప్‌వాచీ, నాలుగు పెన్సిళ్ళు, అరిగిపోయిన రబ్బరు, ఒక రూపాయి బిళ్ళ ఉండేవి. మధ్యాహ్నం టీకి చిల్లర తక్కువైనా సరే, ఆ బిళ్ళను మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. "అది పరికరం" అనేవారు.

ఆ పరికరంతో ఆయన పనిచేయడం నేను మొదటిసారి చూసింది 1996లో. ఒక లారీ క్లీనరు వచ్చాడు. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. ఎనిమిది నెలల కిందట లారీ బోల్తాపడి తలకు దెబ్బ తగిలింది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు నడుస్తోంది. జ్ఞాపకశక్తి ఎంత పోయిందో పరీక్షించి రాయమని చీటీ పట్టుకొచ్చాడు. వెంట బావమరిది. ఏది అడిగినా బావమరిదే అందుకుంటున్నాడు. ఊరి పేరు గుర్తులేదండీ, పెళ్ళి గుర్తులేదండీ, కన్నకొడుకు పేరు కూడా గుర్తులేదండీ. మాస్టారు అతన్ని బయట బెంచీ మీద కూర్చోమని తలుపు దగ్గరగా వేసి, క్లీనరు ఎదురుగా కూర్చున్నారు.

"రెండూ రెండూ ఎంత నాయనా?"

"అయిదు సార్."

"ఆవుకి కాళ్ళెన్ని?"

"మూడు."

నాకు నవ్వొచ్చింది. మాస్టారికి రాలేదు. సొరుగు లాగి బిళ్ళ తీశారు. రెండు అరచేతులూ చాపి, కుడి అరచేతిలో బిళ్ళ పెట్టి, రెండు సెకన్లు చూపించి గుప్పిళ్ళు మూశారు. "కళ్ళు మూసుకో. పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టు. ఇప్పుడు చెప్పు, ఏ చేతిలో ఉంది?" అతను లెక్కపెట్టాడు, ఎక్కడా తడబడలేదు. కళ్ళు తెరిచి, కాసేపు నుదురు రుద్దుకుని, ఎడమ గుప్పిట తట్టాడు. ఖాళీ. ఇలా పదిసార్లు. ప్రతిసారీ అంతే సేపు ఆలోచన, ప్రతిసారీ ఖాళీ చెయ్యి. మాస్టారి కాగితం మీద వరసగా పది ఇంటూ మార్కులు.

లెక్క చిన్నదే. నిజంగా ఏమీ గుర్తులేనివాడు గుడ్డిగా తట్టినా పదింటిలో అయిదో ఆరో నాలుగో కుదురుతాయి. బొమ్మా బొరుసూ వేసినట్టే. పదికి పదీ తప్పాలంటే 1,024లో ఒక్క వంతు అవకాశం. అన్నిసార్లు తప్పు చేతిని ఎంచుకోవాలంటే సరైన చెయ్యి ఏదో తెలిసి ఉండాలి. మూడు కాళ్ళ ఆవు సంగతీ అంతే. నాలుగని తెలిసినవాడే దాని పక్కనున్న అంకె దగ్గర ఆగుతాడు. ఇలాంటి 'దగ్గరదగ్గర' జవాబులను ఖైదీలలో చూసి జర్మనీలో సిగ్‌బెర్ట్ గాన్సర్ 1897లోనే ఒక ఉపన్యాసంలో వివరించాడు. ఆ ఖైదీలు నటిస్తున్నారని ఆయన అనలేదు, అదొక రోగావస్థ అన్నాడు. ఆ తగవు ఇంకా తెగలేదు.

ఈ బిళ్ళ పరీక్షను ఇంగ్లండ్‌లో నరీందర్ కపూర్ 1994లో ఒక న్యూరాలజీ పత్రికలో ప్రచురించాడు. మంచం పక్కన నిలబడి చేయగలిగిన పరీక్ష. జ్ఞాపకశక్తి దారుణంగా దెబ్బతిన్న రోగులు కూడా దీన్ని దాదాపు తప్పు లేకుండా చేస్తారు. అంకెలు లెక్కపెట్టిన తర్వాత గుర్తుపెట్టుకోవాలి అనేసరికి చాలా కష్టమైన పనిలా ఉంటుంది, చేస్తే మాత్రం తేలిక. ఈ తరహా పరీక్షలన్నీ నిలబడేది ఈ తేడా మీదే. మెదడు దెబ్బతింటే ఏది పోతుందో, ఏది మిగులుతుందో మామూలు మనిషికి తెలియదు. తెలియకుండా నటించబోయి, నిజం రోగులు పోగొట్టుకోనివి కూడా పోగొట్టుకుంటాడు. మన సినిమాలు కూడా కొంత సాయం చేశాయి లెండి. తలకు దెబ్బ తగిలితే హీరో సొంత పేరు మరిచిపోతాడు, క్లైమాక్సులో మరో దెబ్బకు అన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. వార్డులో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళను అడగండి. తలకు దెబ్బ తగిలినవాడు పేరు మరిచిపోడు. పొద్దున ఏం తిన్నాడో మరిచిపోతాడు, నిన్న ఎవరొచ్చారో మరిచిపోతాడు. నుదుటి వైపు మెదడు బాగా దెబ్బతింటే ఇంకో విచిత్రం. "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అంటాడు. మరిచిపోతున్నాడని ఏడ్చేది భార్య.

రెండిట్లో ఒకటి ఎంచుకోమని బలవంతపెట్టే ఈ పద్ధతి మొదట జ్ఞాపకశక్తి కోసం పుట్టింది కాదు. అమెరికాలో లోరెన్ పాంక్రాట్జ్, ఆయన సహచరులు 1975లో చెవుడు నటిస్తున్నారా అని తేల్చడానికి వాడారు. తర్వాత జ్ఞాపకశక్తికి మళ్ళించారు. 1996లో కెనడాలో టామ్ టోంబో యాభై గీతల బొమ్మలతో ఒక పరీక్ష తయారుచేశాడు. బొమ్మ చూపించడం, తర్వాత ఆ బొమ్మనూ ఒక కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి ఇందాక చూసింది ఏదని అడగడం. బొమ్మల్ని గుర్తుపట్టడంలో మనిషి ఎంత గట్టివాడో రోజర్ షెపర్డ్ 1967లోనే చూపించాడు. 612 బొమ్మలు ఒక్కసారి చూసినవాళ్ళు వెంటనే అడిగితే దాదాపు అన్నీ పట్టేశారు. టోంబో పరీక్షలో ఎన్ని మార్కులకు తగ్గితే అనుమానించాలో నాకు తెలుసు, ఇక్కడ చెప్పను. ఈ ఉపన్యాసం అచ్చవుతుంది, అచ్చయినది వకీలు టేబులు మీదికి చేరడం కష్టం కాదు. నేను విడమరిచి చెప్తున్నవి రెండే, ఈ బిళ్ళా, తర్వాత రాబోయే ఒక అట్టా. రెండూ పాతవే. వాటి గుట్టు ఎప్పుడో రట్టయింది.

ఇంత తతంగం దేనికి, అనుభవం ఉన్నవాడు ముఖం చూసి చెప్పలేడా అని మీలో కొందరికి అనిపిస్తూండవచ్చు. చెప్పలేడు. 1988లో డేవిడ్ ఫౌస్ట్ బృందం 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలు ముగ్గురికి, కావాలని పరీక్ష చెడగొట్టండి, దొరక్కుండా చెడగొట్టండి అని మాత్రం చెప్పింది. ఆ ఫలితాలను 42 మంది నిపుణులకు పంపింది. 93 శాతం మంది మెదడు పనితీరులో తేడా ఉందన్నారు. నటన అయి ఉంటుందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. 'మనిషిని చూడగానే పసిగట్టేస్తాను' అనే సహోద్యోగి మీకుంటే ఈ కాగితం ఒకటి అతని టేబులు మీద పెట్టండి.

మాస్టారు మాకు ఈ పాఠం మొదలుపెట్టేది మాత్రం ఈ కాగితాలతో కాదు, శకుంతలతో. రాజు నిండుసభలో, నువ్వెవరో నాకు తెలియదన్నాడు. కాళిదాసును అడిగితే అది నిజం మరుపు. దుర్వాసుడి శాపం తగిలింది, ఉంగరం కంటపడగానే అన్నీ గుర్తొచ్చాయి. నాటకం పేరులో ఉన్న అభిజ్ఞానం అంటే గుర్తుపట్టించే ఆనవాలు. వట్టినే అడిగితే రానిది ఆనవాలు చూపిస్తే వస్తుంది. గుర్తుతెచ్చుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరు అని మేం పరీక్షల్లో కొలిచేది దీన్నే. వ్యాసుణ్ణి, తెలుగులో నన్నయను అడిగితే కథ వేరు. అక్కడ శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అన్నీ తెలుసు. తెలిసే తెలియదన్నాడు. ఆకాశవాణి పలికిన తర్వాత, ఈమె మాట ఒక్కటే నమ్మి ఏలుకుంటే లోకం ఏమంటుందోనని అలా అన్నానని ఒప్పుకున్నాడు. ఒకే రోగి, ఒకే లక్షణం, రెండు రోగనిర్ధారణలు. "రెండో రాజు నటించింది డబ్బు కోసమా?" అని మాస్టారు అడిగేవారు. తరగతి మాట్లాడేది కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. జెనీవాలో ఆంద్రే రే అనే మనోవిజ్ఞానవేత్త ఉండేవాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళను పరీక్షించడం మీద ఆయన 1941లో రాసింది ఈ రంగానికి పునాదుల్లో ఒకటి. ఆయన పేరుతో పదిహేను సంఖ్య రెండుచోట్ల కనిపిస్తుంది. ఒకటి పదిహేను మాటల జాబితా. అయిదుసార్లు చదివి వినిపించి, ప్రతిసారీ ఎన్ని గుర్తున్నాయో చెప్పించి, అరగంట తర్వాత మళ్ళీ అడుగుతారు. అది నిజంగా కష్టమైన పరీక్ష. రెండోది పదిహేను గుర్తుల అట్ట. వరసకు మూడు చొప్పున అయిదు వరసలు. పెద్ద ఏ బీ సీ, 1 2 3, చిన్న ఏ బీ సీ, రోమన్ అంకెలు, ఒక వృత్తం, ఒక చతురస్రం, ఒక త్రిభుజం. "పదిహేను వేర్వేరు గుర్తులు చూపిస్తాను, పది సెకన్లే టైము" అని గంభీరంగా చెప్పి చూపిస్తారు. విన్నవాడు పదిహేనా అని జంకుతాడు. అక్కడున్నవి నిజానికి అయిదు సంగతులే. వరస మొదటి గుర్తు తెలిస్తే మిగతా రెండూ వాటంతటవే వస్తాయి. తొమ్మిదికి తగ్గితే అనుమానించడం రివాజు.

పరంజా మీద నుంచి పడ్డ ఒక ఇల్లాలిని ఆ అట్టతో నేను పరీక్షించాను. సిమెంటు తట్టలు మోసే మనిషి. పది సెకన్లు చూపించి పెన్సిలిస్తే గుండ్రం గీసింది, ముగ్గులో గడిలాంటిది గీసింది, మూడుమూలల బొమ్మ గీసింది, రెండు నిలువుగీతలు గీసి పెన్సిలు కింద పెట్టేసింది. నేను ఫైలులో 'పరీక్షకు సహకరించలేదు' అని రాసేశాను. సాయంత్రం మాస్టారు ఆ కాగితం చూసి, "ఏం చదువుకుంది?" అన్నారు. వేలిముద్రేనండీ అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఒక తెల్లకాగితం తీసుకుని ఏదో రాసి, తిప్పి నా ముందు పెట్టారు. పదిహేను ఉర్దూ అక్షరాలు. పది సెకన్లు కాగానే లాగేసుకుని "రాయి" అన్నారు. నాకు ఉర్దూ రాదు. నాలుగు రాశాను, అందులో ఒకటి చుక్క తప్పు. "సహకరించలేదు" అన్నారు మాస్టారు, నా కాగితం చూస్తూ.

ఆ అట్టలో ఉన్న కిటుకంతా బడికి వెళ్ళినవాడి తలలో ఉంది, అట్ట మీద లేదు. ఏ బీ సీ ఒక వరస అని తెలిసినవాడికే అవి మూడు కాదు, ఒకటి. చదువురాని మనిషికి అవి నిజంగానే పదిహేను వేర్వేరు గీతలు. తెలుగులోకి మార్చుకుంటే సరిపోతుంది కదా అంటే, మన లిపిలో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ లేవు. అ ఆ ఇ పెట్టినా అదే బడి, అదే పలక. అంకెలను ముందుకీ వెనక్కీ చెప్పించి అనుమానం తీర్చుకునే పద్ధతి ఒకటి 1994 నుంచి వాడుకలో ఉంది. అదీ ఇంతే, చదువు తగ్గేకొద్దీ మార్కు తగ్గుతుంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌వాళ్ళు 2004లో వెలువరించిన పరీక్షల సంపుటిలో వయసుతోపాటు చదువును బట్టి కూడా వేర్వేరు ప్రమాణాలు ఇచ్చారు. జ్ఞాపకశక్తికి పాటించే ఆ జాగ్రత్తను, రోగి మనసుపెట్టి చేస్తున్నాడా అనే ప్రయత్నాన్ని కొలిచేటప్పుడు ఇంకా ఎక్కువ పాటించాలి. మొదటిదాంట్లో తప్పితే 'మరుపు ఉంది' అని పొరపాటు రాస్తాం. రెండోదాంట్లో తప్పితే ఒక నిజాయితీపరురాలిని దొంగ అంటాం. బిళ్ళకు అక్షరాలు అక్కర్లేదు. ఆ ఇల్లాలు మర్నాడు పదికి పదీ సరిగ్గా తట్టింది. ఆమె మరుపు నిజం మరుపే.

అలాగని ఈ పరీక్షలే వద్దు, రోగి మాటే వేదం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కెనడాలో పాల్ గ్రీన్, ఆయన సహచరులు 2001లో 904 మంది ఫలితాలు ప్రచురించారు. అందరూ పరిహారం కోరుతున్నవాళ్ళే. మనసుపెట్టి చేశారా లేదా అన్నది మార్కులను ఎంత కిందికి లాగిందంటే, మెదడుకు తీవ్రమైన గాయం కూడా అంత లాగలేదు. చిన్న దెబ్బ తగిలినవాళ్ళు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళ కన్నా అధ్వానంగా కనిపించారు. ప్రయత్నం చూడకుండా మార్కులు మాత్రం చూసేవాడు చిన్న దెబ్బే మెదడును ఎక్కువ పాడుచేస్తుందని సిద్ధాంతం కట్టేస్తాడు.

రోగి మాటే వేదం అనేవాళ్ళకు అటుచివర హెన్రీ మిల్లర్ ఉన్నాడు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ న్యూరాలజిస్టు, మాటకారి. ఆయన 1961లో ఇచ్చిన ఉపన్యాసాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ప్రమాదం తర్వాత వచ్చే ఈ బాధల్లో చాలావరకు పరిహారం చేతికందగానే మాయమవుతాయన్నది సారాంశం. బీమా కంపెనీల వకీళ్ళు దాన్ని దశాబ్దాల పాటు నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో జార్జి మెండెల్సన్ వంటివాళ్ళు కేసు ముగిసినవాళ్ళ వెంటపడి చూస్తే, డబ్బు వచ్చాక కూడా చాలామంది పనిలోకి వెళ్ళలేదు. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళం మాటల సొంపుకు లొంగిపోతే ఇలాగే అవుతుంది.

వైద్యవిద్యార్థులు ఉన్నారు కాబట్టి ఒక్క లెక్క చేసి చూపిస్తాను. 2002లో అమెరికాలో మిట్టెన్‌బర్గ్ బృందం, మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎంతమంది నటిస్తున్నారని న్యూరోసైకాలజిస్టులను అడిగింది. వాళ్ళ అంచనా ప్రకారం తలకు చిన్న దెబ్బ తగిలిందని వచ్చిన కేసుల్లో 39 శాతం, కోర్టు గొడవ లేని మామూలు రోగుల్లో 8 శాతం. అంచనాలే సుమండీ, కొలతలు కావు. సరే, మన దగ్గర ఒక పరీక్ష ఉంది, నటించేవాళ్ళలో సగంమందిని పడుతుంది, నిజాయితీపరుల్లో వందకు పదిమందిని పొరపాటున పడుతుంది అనుకుందాం. ట్రిబ్యునల్ నుంచి వచ్చిన వందమందిలో 40 మంది నటులైతే 20 మంది దొరుకుతారు, మిగిలిన 60 మందిలో ఆరుగురు అన్యాయంగా దొరుకుతారు. వార్డులో వందకు పదిమందే నటులైతే అయిదుగురు దొరుకుతారు, 90 మంది మంచివాళ్ళలో తొమ్మిదిమంది చిక్కుకుంటారు. అదే పరీక్ష, అదే అట్ట. వార్డులో అది పట్టినవాళ్ళలో నిర్దోషులే ఎక్కువ. అందుకే ఒక్క పరీక్ష తప్పాడని ఎవరినీ తీర్మానించకూడదు.

1999లో స్లిక్, షెర్మన్, ఐవర్సన్ ఈ తీర్మానాలకు మెట్లు కట్టారు. ఖాయం అనాలంటే మా క్లీనరులాగా, గుడ్డిగా చెప్పినదానికన్నా తక్కువ రావాలి. మిగతావన్నీ 'బహుశా', 'కావచ్చు'. 2012లో లారబీ, నటన అన్న మాట పక్కనపెట్టి 'పెర్ఫార్మెన్స్ వాలిడిటీ' అందామన్నాడు. అంటే మార్కు చెల్లుతుందా, చెల్లదా. నాకు ఈ మార్పు నచ్చింది. పరీక్ష చెప్పగలిగింది అంతవరకే. ఎందుకు చెల్లలేదన్నది అట్ట చెప్పదు. డబ్బు కావచ్చు, భయం కావచ్చు, దిగులు కావచ్చు, రాత్రంతా బస్సులో నిలబడి రావడం కావచ్చు. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపుకు పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా వరసలో ఉన్నవాళ్ళను చూసినవారికి ఈ చివరిది విడమరిచి చెప్పనక్కర్లేదు.

పర్సంటేజీ రాసిచ్చేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మోటారు వాహనాల చట్టం 1988 కింద పరిహారం లెక్కకట్టేటప్పుడు, వైకల్యం శాతం వేరు, సంపాదనలో నష్టం శాతం వేరు అని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెయ్యి పోయిన డ్రైవరు, చెయ్యి పోయిన గుమస్తా ఒకేలా నష్టపోరు. చెయ్యి కంటికి కనిపిస్తుంది. మరుపు కనిపించదు. దానికి మేం రాసిచ్చే మార్కే సాక్ష్యం. ఆ మార్కు చెల్లుతుందో లేదో మేమే చూడకపోతే అవతలి వకీలు బోనులో నిలబెట్టి చూస్తాడు, అప్పుడు నిజం రోగి కూడా మునుగుతాడు.

మళ్ళీ క్లీనరు దగ్గరికి వస్తాను. పది ఇంటూలు వేసిన తర్వాత నేను ఫైలు మూసేయబోయాను. మాస్టారు అందులోంచి సీటీ స్కాన్ రిపోర్టు తీసి నాకిచ్చారు. నుదుటి వైపు మెదడు రెండుపక్కలా కమిలి ఉంది. ఆ కమిలిన మచ్చ నటించదు. ఆయన అతన్ని అడిగారు.

"తప్పు చెప్పమని ఎవరు చెప్పారయ్యా?"

అతను తల దించుకున్నాడు. చాలాసేపటికి, "బాగా చెప్తే ఏం లేదని రాసేస్తారంట సార్" అన్నాడు. తర్వాత, "కేసు పోయినట్టేనా?"

"ఇవాళ్టి కాగితం చింపను. చింపితే నాది తప్పవుతుంది. రేపు పొద్దున్నే రా. ఒక్కడివే రా. తెలిసింది తెలిసినట్టు చెప్పు, తెలియంది తెలియదని చెప్పు."

మర్నాడు వచ్చాడు. బిళ్ళ పదికి పదీ పట్టాడు. ఆవుకు నాలుగు కాళ్ళొచ్చాయి. పదిహేను మాటల జాబితా మొదలుపెట్టాం. అయిదోసారి చదివేసరికి ఎనిమిది దాకా వచ్చాడు. అరగంట తర్వాత అడిగితే మూడే చెప్పాడు, జాబితాలో లేని మాటలు నాలుగు కలిపి, అవీ ఉన్నాయని గట్టిగా అన్నాడు. లేవని నేను చూపిస్తే కాగితం చేతిలోకి తీసుకుని, చదవడం అంతగా రాకపోయినా, పైనుంచి కింది దాకా వేలు పెట్టి వెతికాడు.

ఆ రిపోర్టు కార్బన్ కాపీ నా దగ్గరుంది. రెండు తేదీలు, రెండు వరసల మార్కులు. మొదటి వరస పక్కన 'ఈ మార్కులు నమ్మదగినవి కావు' అని మాస్టారి రాత. రెండో వరస పక్కన ఏమీ రాయలేదు, కింద సంతకం ఉంది.